కాంటెస్సాకి సూపర్‌ఛార్జర్ బిగించా, బూస్ట్ రెండు పౌండ్లు దాటట్లేదు

కాంటెస్సా_కిట్టు
రెండేళ్ళుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో మా థర్టీ ఫార్టీ ఇంటి కింద గ్యారేజీలో ఒక కాంటెస్సా క్లాసిక్‌ని, మన దేశీ మజిల్ కారు అంటారే దాన్ని, విప్పి మళ్ళీ కడుతున్నా. 1993 మోడల్, ఇసుజు 1.8 పెట్రోల్. హోసూరు దగ్గర కోళ్ళఫారం షెడ్డులో దొరికింది. మొదటిసారి బానెట్ ఎత్తితే బ్యాటరీ ట్రేలో గుడ్డు ఉంది, అబద్ధం కాదు. బోరింగ్ చేయించి అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు వేశా. హెడ్డు కింద మందపాటి గ్యాస్కెట్ పెట్టి, సిరంజితో కిరోసిన్ పోసి కొలిస్తే కంప్రెషన్ రేషియో 8.2 తేలింది.

దాని మీద ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్, అంటే బెల్టుతో తిరుగుతూ లోపలి రోటర్లతో ఇంజిన్‌లోకి గాలి తోసే పంపు. పాత బెంజి కంప్రెసర్ కారుదని చెప్పి చెన్నై పుదుప్పేటలో ఒకాయన ముప్పైరెండు వేలకి ఇచ్చాడు. ముందు గాలిలో పెట్రోలు కలిపే ఎస్‌యూ కార్బొరేటర్, దాని వెనక సూపర్‌ఛార్జర్, ఆ తర్వాత సిలిండర్లకి పంచే గొట్టం, నేను దగ్గరుండి వెల్డింగ్ చేయించిన మానిఫోల్డ్.

లెక్క ప్రకారం బూస్ట్, అంటే తోసిన గాలి అదనపు ఒత్తిడి, చదరపు అంగుళానికి ఆరు పౌండ్లు రావాలి. పెడల్ నేలకి ఆనించినా గేజి ముల్లు రెండు దగ్గరే ఆగిపోతోంది. పైగా మూడో గేర్లో 3500 ఆర్‌పీఎం దాటితే రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు నాకింగ్ (సిలిండర్లో మిక్చర్ దానంతటదే పేలే చప్పుడు). రోటర్లు అరిగిపోయిన సరుకు నాకు అంటగట్టారా? లేక నేనే ఏదన్నా తప్పు చేశానా? రెండోదే అయితే కాస్త మెల్లగా చెప్పండి, మా ఆవిడ కూడా ఈ థ్రెడ్ చదువుతుంది.

జీరో_పీఎస్‌ఐ
పెట్టె మీద కంప్రెసర్ అని ఉంటే ఏసీ కంప్రెసర్ ఇచ్చి ఉంటాడు. బండి లోపల చల్లగా ఉందా?

ఎనిమిది_సిలిండర్లు
జర్మన్‌లో కొంప్రెసర్ అంటే సూపర్‌ఛార్జరే. బెంజి వెనక డిక్కీ మీద రాసేది అదే. కిట్టూ, ఫోటో పెట్టు. లోపల మూడు రెక్కల రోటర్లు రెండు మెలితిరిగి కనిపించాలి.

పుదుప్పేట_పాండు
మా పుదుప్పేటని అంటే ఊరుకోను అన్నా. మద్రాసులో ఏ బండికి ఏ ముక్క కావాలన్నా అక్కడే. ఆ షాపాయన చేతిలో పెట్టేముందు రోటర్ తిప్పి చూపించాడా లేదా? చూపించి ఉంటే సరుకు మంచిదే. తప్పు నీ ఇంట్లో వెతుక్కో.

కాంటెస్సా_కిట్టు
చూపించాడు పాండూ. చేత్తో తిప్పితే నెయ్యిలా తిరిగింది. కేసింగ్‌కి ఎక్కడా రాసుకున్న గీత కూడా లేదు. అందుకే కొన్నా. కానీ బూస్ట్ రాకపోతే ఎవర్ని అనుమానించమంటావ్?

ఒరిజినల్_ఓబులేసు
ఒక మంచి కాంటెస్సాని చెడగొట్టావు నాయనా. బెంగాల్ ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1984లో మొదలెట్టి 2002కి ఆపేశారు, మిగిలినవే గుప్పెడు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టక దాని నెత్తిన బెంజి గంగాళం ఎందుకు?

జీరో_పీఎస్‌ఐ
ఉన్నదున్నట్టు అంటే కోడిగుడ్డుతో సహానా?

చిత్తూరోడు
ఓబులేసన్నా, వాళ్ళు మొదట్లో ఆ బండికి పెట్టింది అంబాసిడర్ 1.5 ఇంజినే గదా. ఆ బరువుకి ఆ ఇంజిను, తిరుమల ఘాట్‌లో మా మామ బండి వెనకాల బస్సోడు హారన్ కొడతానే ఉండేవాడు. కంపెనీవోళ్ళే మనసొప్పక ఇసుజు ఇంజిను తెచ్చి పెట్టినారు. ఇప్పుడు ఈయన ఇంకో మెట్టు ఎక్కించినాడు, అంతే.

ఎనిమిది_సిలిండర్లు
కిట్టూ, మజిల్ కారు అన్నావు, ఆ మాటకి ఇక్కడ అమెరికాలో వేరే అర్థం ఉంది. అరవైల్లో అమెరికా వాళ్ళు ఒక మామూలు సైజు కారులో పెద్ద వీ8 కూరి అమ్మిన బండ్లు అవి. కాంటెస్సా ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్ ఒంటి మీద పుట్టింది. 88 హార్స్‌పవర్. దాన్ని కండల కారు అంటే ఎలా.

జీరో_పీఎస్‌ఐ
కండలు కావు సార్, కోటు లోపల కుట్టిన భుజం దిండ్లు. కానీ రోడ్డు మీద పోతుంటే తలతిప్పి చూడనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

లక్ష్మీ_లాంబ్డా
కాంటెస్సా ఏ కులమో తర్వాత తేల్చుకోండి. కిట్టు గారూ, పుల్లీల కొలతలు చెప్పండి. అనుమానాల కంటే ముందు లెక్క.

కాంటెస్సా_కిట్టు
క్రాంక్ పుల్లీ 140 మిల్లీమీటర్లు, సూపర్‌ఛార్జర్‌ది 78.

లక్ష్మీ_లాంబ్డా
140ని 78తో భాగిస్తే దాదాపు 1.8. అంటే క్రాంక్ ఒక చుట్టు తిరిగితే సూపర్‌ఛార్జర్ 1.8 చుట్లు తిరుగుతుంది. ఎం45లో ఆ 45 అంటే క్యూబిక్ ఇంచులు, చుట్టుకి సుమారు 737 సీసీ గాలి తోస్తుంది. 1.8తో గుణిస్తే 1320 చిల్లర. మీ ఇంజిన్ ఓవర్‌సైజ్‌తో కలిపి 1840 సీసీ దాకా ఉంటుంది, ఫోర్‌స్ట్రోక్ కాబట్టి చుట్టుకి తాగేది అందులో సగం, 920. 1320ని 920తో భాగిస్తే 1.43. ఇంజిన్ తాగగలిగిన దానికంటే నలభైమూడు శాతం ఎక్కువ గాలి వస్తోందన్నమాట.

ఇప్పుడు ఊరి సంగతి. బెంగళూరు సముద్రానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే 13.2 పౌండ్లు, చెన్నైలో 14.7. కాబట్టి 13.2లో 43 శాతం, అంటే అయిదు ముప్పావు దాకా బూస్ట్ కనిపించాలి. గొట్టాల్లో పోయేది పోయినా నాలుగున్నర తగ్గకూడదు. రెండు వస్తోందంటే మిగతాది ఎటో పోతోంది. రోటర్లు అరిగితే తక్కువ ఆర్‌పీఎంలో మరీ తగ్గి, ఎక్కువ ఆర్‌పీఎంలో కొంచెం కోలుకుంటుంది. మీకెలా ఉంది?

పుదుప్పేట_పాండు
విన్నావా అన్నా. మద్రాసుకి తీసుకురా, ఊరికే అర పౌండు పైన వస్తుంది.

జీరో_పీఎస్‌ఐ
ఆ అర పౌండు మీ ఊరి ఉక్కపోతకే సరిపోతుంది.

కాంటెస్సా_కిట్టు
లక్ష్మి గారూ, 2000లోనూ రెండే, 4500లోనూ రెండే. కోలుకోవడం లేదు, పడిపోవడం లేదు. మొండిగా అక్కడే.

రూల్స్_రామం
అందరూ బూస్టు లెక్కలు వేస్తున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎవరన్నా చదివారా? కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి అయిదేళ్ళకోసారి ఎఫ్‌సీకి, ఆర్‌సీ రెన్యువల్‌కి చూపించాలి. బానెట్ ఎత్తగానే ఇన్‌స్పెక్టరు అడిగేది ఇదేంటనే కదా?

జీరో_పీఎస్‌ఐ
ఏసీ కంప్రెసర్ అని చెప్తాడు.

కాంటెస్సా_కిట్టు
రామం గారూ, మీరన్నది నిజం. అందుకే పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్, పాత కార్బొరేటర్ చెక్కు చెదరకుండా పెట్టెలో ఉంచా. రెన్యువల్ ముందు పాత సరంజామా పెట్టేస్తా, నాలుగు గంటల పని. దీన్ని ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో నడపాలనే నా కోరిక. ట్రైలర్ మీద తీసుకుపోతా.

రూల్స్_రామం
మరి ఆ మూడో గేర్లో 3500 ఏ ట్రాకు మీద చూశారు?

కాంటెస్సా_కిట్టు
...తెల్లారుజామున నాలుగున్నరకి ఓల్డ్ మద్రాస్ రోడ్డు. తప్పే. ఒక్కసారే.

మెకానిక్_మావయ్య
ఇంజిన్ ఎలా దించావు రా? ఇంటి గ్యారేజీ అన్నావు.

కాంటెస్సా_కిట్టు
స్లాబ్‌కి ఫ్యాన్ కోసం వదిలిన కొక్కెం ఉంది మావయ్యా, దానికి చైన్ పుల్లీ...

మెకానిక్_మావయ్య
ఆగు. ఫ్యాను కొక్కేనికి ఇంజిను వేలాడదీశావా? నీకు బూస్ట్ కాదు, బుద్ధి రావాలి. అది పది కేజీల ఫ్యాను కోసం పోసిన కడ్డీ. ఇంజిన్ కింద ఎవడన్నా కూర్చుని ఉంటే? మళ్ళీ దించాల్సొస్తే కాళ్ళున్న ఇంజిన్ హాయిస్ట్ అద్దెకి తెచ్చుకో, జేసీ రోడ్డు చుట్టుపక్కల అడిగితే దొరుకుతుంది.

సరే, అసలు పనికి. సూపర్‌ఛార్జర్ ఒంటి మీద చెయ్యి పెట్టి చూశావా? నిదానంగా నడిపి వచ్చాక ఎంత వేడిగా ఉంది?

కాంటెస్సా_కిట్టు
చెయ్యి ఆనించలేను మావయ్యా. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నడిపినా కాలుతుంది. నీటిచుక్క వేస్తే సుయ్‌మంటుంది. సూపర్‌ఛార్జర్ అంటే అంతేనేమో అనుకున్నా.

ఎనిమిది_సిలిండర్లు
అంత వేడి తప్పు. నా గ్యారేజీలో 2003 కోబ్రా ముస్టాంగ్ ఉంది. 4.6 లీటర్ల వీ8 మీద ఈటన్ ఎం112, కంపెనీ నుంచే ఎనిమిది పౌండ్లు, 390 హార్స్‌పవర్. గాలి చల్లబరచడానికి నీటి ఇంటర్‌కూలర్ ఉంటుంది. బ్లాకు ఇనుముది, రాడ్లూ పిస్టన్లూ ఫోర్జ్‌డ్. కంప్రెషన్ 8.5 మాత్రమే. అంత గట్టిగా కట్టారు కాబట్టి తట్టుకుంటుంది. నువ్వూ ఇంటర్‌కూలర్ పెట్టు కిట్టూ. డాలస్ ఎండలో నేను అది లేకుండా బయటికి తియ్యను.

మెకానిక్_మావయ్య
పెట్టకు. డాలస్ అబ్బాయీ, నీ బండికి పెట్రోలు సిలిండర్ గుమ్మంలో ఇంజెక్టర్ చల్లుతుంది, సూపర్‌ఛార్జర్‌లో ఉండేది ఉత్త గాలి. వీడిది కార్బొరేటర్ ముందు, సూపర్‌ఛార్జర్ వెనక. గొట్టాల్లో తిరిగేది గాలి కాదు, పెట్రోలు కలిసిన గాలి. దాన్ని ఇంటర్‌కూలర్‌లో నింపితే, ఒక్క బ్యాక్‌ఫైర్‌కి బానెట్ మేడ మీద ఆరేసిన వడియాల్లో పడుతుంది. ఇలా కార్బొరేటర్ గుండా సూపర్‌ఛార్జర్ గాలి లాగే డ్రా-త్రూ పద్ధతిలో పెట్రోలు ఆవిరవుతూ తనే కొంత చల్లబరుస్తుంది. ఇంగ్లండోళ్ళు పాత మినీలకి ఇదే ఎం45, ఇదే ఎస్‌యూ పెట్టి ఇంటర్‌కూలర్ లేకుండానే నడుపుతారు.

ఎనిమిది_సిలిండర్లు
అవును, కార్బొరేటర్ ముందని మొదటి పోస్టులోనే ఉంది, సరిగ్గా చదవలేదు. ఇంటర్‌కూలర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫోర్జ్‌డ్ పిస్టన్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను. మామూలు పిస్టన్‌తో నాకింగ్ నడిపిస్తే రింగుల మధ్య గట్టు విరిగిపోతుంది.

లక్ష్మీ_లాంబ్డా
మావయ్య అడిగిన వేడి ప్రశ్నలోనే జవాబుందని నా అనుమానం. ఎం45కి బైపాస్ వాల్వ్ ఉంటుంది. చిన్న సీతాకోకచిలుక రేకు, దానికో వాక్యూమ్ డబ్బా. మెల్లగా నడిపేటప్పుడు రేకు తెరుచుకుని, ముందుకు తోసిన గాలిని మళ్ళీ వెనక్కి వదులుతుంది, ఊరికే ఒత్తిడి పెంచి వేడెక్కించకుండా. పెడల్ తొక్కగానే వాక్యూమ్ పోయి స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. మూసుకోకపోతే? తోసిన గాలే వెనక్కి, మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. అదే గాలి నాలుగుసార్లు నలిగి నిప్పులా ఇంజిన్‌లోకి పోతుంది. బూస్ట్ రెండు దగ్గర మొండికేయడం, ఒళ్ళు కాలడం, నాకింగ్. మూడింటికీ ఒకటే కారణం కావచ్చు.

చిత్తూరోడు
అక్కా, ఇంత బాగా చెప్పినావు, మా కాలేజీలో ఎవురూ ఇట్ల చెప్పలా.

ఒరిజినల్_ఓబులేసు
బెల్టు జారుతున్నా బూస్ట్ రాదు కదా. నాకు ఈ పని నచ్చకపోయినా న్యాయంగా చెబుతున్నా.

లక్ష్మీ_లాంబ్డా
కరెక్టే ఓబులేసు గారూ. కానీ బెల్టు జారితే 2000లో బాగానే వచ్చి 4500లో పడిపోతుంది, బెల్టు కాలిన వాసన వస్తుంది. ఈయనకి రెండు చోట్లా రెండే.

కాంటెస్సా_కిట్టు
వాక్యూమ్ గొట్టం సరిగ్గానే పెట్టా. కార్బొరేటర్ రేకు తర్వాత, సూపర్‌ఛార్జర్ ముందు. నోటితో పీల్చి చూశా, లివర్ కదులుతోంది, వదిలితే వెనక్కి వస్తోంది.

మెకానిక్_మావయ్య
వెనక్కి వస్తోంది సరే, చివరిదాకా వస్తోందా? ఆపే స్క్రూని తాకుతోందా?

కాంటెస్సా_కిట్టు
చీకటి పడింది, కరెంటు కూడా పోయింది. రేపు చూసి చెప్తా. ఈలోగా ఎక్కడన్నా లీకు ఉందేమో అగరొత్తి పొగతో వెతకనా? వీడియోలో చూశా.

రూల్స్_రామం
పెట్రోలు కార్బొరేటర్ దగ్గర, కరెంటు లేని గ్యారేజీలో, నిప్పున్న అగరొత్తి. దేవుడికి పెట్టి దణ్ణం పెట్టుకోండి, బండి దగ్గరికి తీసుకెళ్ళకండి.

మెకానిక్_మావయ్య
ఈసారికి రామం మాటే నా మాట. సబ్బునీళ్ళు చాలు. కార్బొరేటర్ మూతి మూసి, సైకిలు పంపుతో మూడు పౌండ్ల గాలి కొట్టి, అతుకుల మీద సబ్బు నురుగు రాయి. బుడగ వచ్చిన చోట లీకు. షోలవరంలో రన్‌వే మీద పందాలు జరిగిన రోజుల్లో మాకున్న పరికరం అదే, లైఫ్‌బాయ్ ముక్క.

పుదుప్పేట_పాండు
మావయ్యా, షోలవరం పందాలు మీరు చూశారా! మా నాన్న సైకిలేసుకుని వెళ్ళేవాడంట.

మెకానిక్_మావయ్య
చూడ్డమేంటి రా, స్పానర్లు అందించా. ఆ కథ ఇక్కడ కాదు.

చిత్తూరోడు
కిట్టన్నా, పెట్రోలు ఏది పోస్తా ఉండావు? ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 అయితే దానికీ నాకింగ్‌కీ ఏమన్నా లంకె ఉంటాదా?

లక్ష్మీ_లాంబ్డా
ఆక్టేన్ పరంగా ఇథనాల్ మేలే చేస్తుంది, నాకింగ్‌ని అడ్డుకుంటుంది. చిక్కు వేరే చోట. మామూలు పెట్రోలు కేజీ కాలడానికి 14.7 కేజీల గాలి కావాలి, ఈ20కి పదమూడున్నర చిల్లర చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పొయ్యాలి. కంప్యూటర్ ఉన్న కారు తనే సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. పెట్రోలు ఎంత పోవాలో కొలిచే ఎస్‌యూ నీడిల్ పాత పెట్రోలు లెక్కకి ఉంటే మిక్చర్ పలచబడుతుంది, పలచబడితే వేడి. ఇంకో మాట, పాత రబ్బరు గొట్టాలని ఇథనాల్ మెత్తబరిచి పొట్టు రేపుతుంది. అవి మార్చారా?

కాంటెస్సా_కిట్టు
గొట్టాలు మొత్తం మార్చా, ట్యాంకు లోపల తుప్పు గోకించి కోటింగ్ వేయించా. నీడిల్ మార్చలేదు.

ఒరిజినల్_ఓబులేసు
ట్యాంకు బాగు చేయించాడంటే వీడిలో కొంత మంచితనం ఉంది.

కాంటెస్సా_కిట్టు
దొరికింది. దొరికింది. దొరికింది.

పొద్దున్నే ఆరింటికి సూపర్‌ఛార్జర్ విప్పా. బైపాస్ లివర్ స్క్రూకి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతోంది. టార్చి వేసి లోపలికి చూస్తే రేకు అంచు కింద ఎర్రగా ఏదో. పళ్ళు తోముకునే బ్రష్షు వెనకతో లాగితే వచ్చింది. సిలికాన్ గ్యాస్కెట్ పేస్టు. చిటికెనవేలి గోరంత ముక్క, గట్టిపడి, రేకు ఆకారం అచ్చు పడి ఉంది. మానిఫోల్డ్ బిగించేటప్పుడు లీకు రాకూడదని కేకు మీద క్రీము పూసినట్టు పూశా. నొక్కుడికి లోపలికి పిండుకొచ్చి అక్కడ ఎండిపోయింది. ఆ ముక్క నా ముందు టేబుల్ మీదే ఉంది. రెండు నెలలు దీని కోసమా నేను నిద్ర పోలేదు?

పాండూ, ఆ షాపాయనకి నా క్షమాపణలు చెప్పు. సరుకు బంగారం. దొంగ నేనే.

మెకానిక్_మావయ్య
పేస్టు బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. అగ్గిపుల్ల మందాన గీత గీస్తే చాలు. లోపలికి ఇంకేమన్నా ముక్కలు పోయాయేమో రోటర్లు తిప్పుతూ చూడు, తొందరపడి స్టార్ట్ చెయ్యకు.

జీరో_పీఎస్‌ఐ
ముప్పైరెండు వేల సూపర్‌ఛార్జర్‌ని నూటయాభై రూపాయల ట్యూబు ఓడించింది.

కాంటెస్సా_కిట్టు
రోటర్లు శుభ్రం. మళ్ళీ బిగించా, ఈసారి అగ్గిపుల్ల గీతే. సబ్బునీళ్ళ పరీక్ష పాసైంది, వీధి చివర గేటు వేసిన లేఔట్ లోపలే నడిపా. రామం గారూ, ప్రమాణం. రెండో గేర్లో పెడల్ తొక్కితే అయిదు పౌండ్లు! ముల్లు ఎగిరి కూర్చుంది. కేసింగ్ మీద ఇప్పుడు చెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలుగుతున్నా. నాకింగ్ బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అయిదు పౌండ్ల దగ్గర సన్నగా టిక్ టిక్.

లక్ష్మీ_లాంబ్డా
అక్కడే పెడల్ వదిలెయ్యండి, ఇంక తొక్కకండి. టైమింగ్ ఎంత పెట్టారు, అంటే పిస్టన్ పైకి చేరేముందు ఎన్ని డిగ్రీల దగ్గర స్పార్క్ పడుతోంది? డిస్ట్రిబ్యూటర్ పూర్తి అడ్వాన్స్ ఎంత చూపిస్తోంది?

కాంటెస్సా_కిట్టు
ఐడిల్‌లో 10 డిగ్రీలు. టైమింగ్ లైటుతో 3500లో వాక్యూమ్ గొట్టం తీసేసి చూస్తే 33.

లక్ష్మీ_లాంబ్డా
అది సూపర్‌ఛార్జర్ లేని ఇంజిన్ టైమింగ్. పౌండుకి ఒక డిగ్రీ తగ్గించాలనేది మోటు లెక్క, కానీ మొదలెట్టడానికి పనికొస్తుంది. నేనైతే మొత్తం 26 దగ్గర పెట్టి, నీడిల్ ఒక మెట్టు రిచ్ చేసి, అంటే పెట్రోలు కొంచెం పెంచి, స్పార్క్ ప్లగ్గుల రంగు చూస్తా. ప్లగ్గు కూడా ఒక రేంజి చల్లనిది వెయ్యండి.

మెకానిక్_మావయ్య
డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని వెనక్కి తిప్పి 26 చేస్తే ఐడిల్‌లో మూడే మిగులుతుంది, బండి మొద్దుబారిపోతుంది. లోపల స్పీడుతో అడ్వాన్స్ పెంచే బరువులు ఆగే గాడిలో చిన్న వెల్డింగ్ చుక్క వేసి, ఫైలు పట్టి, వాటి ప్రయాణం తగ్గించు. ఐడిల్‌లో పది అలాగే ఉంటుంది, పైన పదహారే కలుస్తుంది. ఒక సాయంత్రం పని. వెల్డింగ్ ముందు డిస్ట్రిబ్యూటర్ బండిలోంచి తీసి బల్ల మీద పెట్టు. నీకు చెప్పకపోతే బండిలోనే వెల్డ్ చేస్తావు.

కాంటెస్సా_కిట్టు
అది మాత్రం చెయ్యను మావయ్యా. ఫ్యాన్ కొక్కెం తర్వాత కొంచెం బుద్ధి వచ్చింది.

కిట్టు_గారి_ఆవిడ
ఈ ఒక్క పోస్టు కోసమే ఐడీ తెరిచాను. ఫ్యాన్ కొక్కెం సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. పళ్ళు తోముకునే బ్రష్షు అన్నారు, అది ఏ బ్రష్షు?

జీరో_పీఎస్‌ఐ
బ్యాక్‌ఫైర్ అంటే ఇది.

పుదుప్పేట_పాండు
అన్నా, షాపాయన దగ్గరికి వెళ్ళి నీ క్షమాపణ చెప్పా. చాలాసేపు ఆలోచించి, "ఆ బెంగళూరాయనా, ఏసీ బాగా పనిచేస్తోందంటనా?" అన్నాడు.

కాంటెస్సా_కిట్టు
మా ఆవిడ అడిగినదానికి: పాత బ్రష్షే, నాదే. డిస్ట్రిబ్యూటర్ ఇప్పుడు బల్ల మీద ఉంది, చుక్క పడింది, ఫైలు పడుతున్నా. ప్లగ్గులు రేపు జేసీ రోడ్డులో. ఓబులేసు గారూ, పాత కార్బొరేటర్ పెట్టె మీద "ఓబులేసు గారి కోసం" అని రాసి అటక మీద పెట్టా. ఇప్పుడు అయిదు పౌండ్లు రాగానే బెల్టు కుయ్‌మంటోంది. ఈ ఒంటి వీ-బెల్టు తీసేసి ఆరు గాడుల బెల్టు వేస్తే క్రాంక్ పుల్లీ లేతు మీద ఎవరు తిప్పిపెడతారు? శివాజీనగర్ వైపు తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి.